గ్రాఫిక్స్ కార్డు వాటర్ బ్లాక్‌లోకి నీళ్లు ఏ వైపు నుంచి వెళ్లాలి?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా. విజయనగరంలో ఏసీ లేని గది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు, దానికే బిగించి వచ్చిన ఫుల్ కవర్ వాటర్ బ్లాక్, అంటే కార్డు మొత్తాన్నీ కప్పి, లోపల పారే నీళ్లతో వేడిని లాగేసే తొడుగు. మాన్యువల్ లేదు, ఇన్, అవుట్ గుర్తులు లేవు. లూప్‌లో, అంటే నీళ్లు తిరిగే చుట్టులో, ప్రాసెసర్ బ్లాక్, నీళ్ల వేడిని గాలికి వదిలే 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒకటి, 240 ఒకటి, రిజర్వాయర్‌తో (నీళ్ల తొట్టితో) కలిసి ఉన్న డీ5 రకం పంపు. అరగంట రెండరింగ్ తర్వాత గది 34, నీళ్లు 43, కోర్ (కార్డులోని ప్రధాన చిప్) 74, హాట్‌స్పాట్ (ఆ చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 98 డిగ్రీలు. పైపులు తారుమారయ్యాయేమో, మార్చి పెడితే వేడి తగ్గుతుందా అన్నది మీ సందేహం.

మార్చినా పెద్దగా తగ్గదు. దిశ తప్పితే పోయేది మామూలుగా రెండు మూడు డిగ్రీలు, మరీ దిశ మీద ఆధారపడే బ్లాకైతే ఇంకొకటో రెండో. మీ కోర్‌కీ నీళ్లకీ మధ్య తేడా 31 డిగ్రీలుంది. 350 వాట్ల కార్డుకి సరిగ్గా కూర్చున్న బ్లాక్ మీద ఈ తేడా 12 నుంచి 18 మధ్య ఉండాలి. అంటే 13 డిగ్రీలకు తక్కువ కాకుండా ఇంకెక్కడో పోతోంది. హాట్‌స్పాట్ కోర్ కంటే 24 ఎక్కువ ఉండటం కూడా అదే చెబుతోంది. అయినా దిశ సంగతి తెలుసుకోవడం అవసరమే, ఎలాగూ బ్లాక్ విప్పాల్సిందే కాబట్టి రెండూ ఒకేసారి చూసేయొచ్చు.

బ్లాక్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కోర్ మీద ఉండే రాగి పలకలో సన్నటి గాళ్లు కోసి ఉంటాయి, వాటినే ఫిన్‌లంటాం. ఒక్కో గాడి వెడల్పు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చాలా బ్లాకుల్లో ఈ ఫిన్‌ల మీద జెట్ ప్లేట్ అనే పల్చటి రేకు ఉంటుంది, దాని మధ్యలో పొడవాటి చీలిక. ఇన్‌లెట్ నుంచి వచ్చిన నీళ్లన్నీ ఆ చీలికలోంచే దూరాలి. దూరి ఫిన్‌ల నడుమ పడి, అక్కడ రెండు పాయలై అటూ ఇటూ అంచులకు పారి, అవుట్‌లెట్ దారి పడతాయి. చిప్‌లో వేడి ఎక్కువగా ఉండేది నడుమ భాగంలోనే, అక్కడికి తాజా నీళ్లు జోరుగా తగలాలనే ఈ ఏర్పాటు. అదీగాక ఒక్కో పాయ సగం పొడవే ప్రయాణిస్తుంది కాబట్టి పంపుకి అడ్డు తగ్గుతుంది.

తిప్పి పెడితే నీళ్లు రెండు అంచుల నుంచి లోపలికొచ్చి, నడుమ కలిసి చీలికలోంచి పైకి పోతాయి. చల్లదనం అప్పుడూ ఉంటుంది, కాకపోతే నడిమికి చేరేసరికి నీళ్లు కాస్త వేడెక్కి ఉంటాయి, పైనుంచి కొట్టే జోరూ ఉండదు. ఆ రెండు మూడు డిగ్రీల నష్టం ఇదే. జెట్ ప్లేట్ లేకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకి నేరుగా పారే బ్లాకులూ ఉన్నాయి. వాటికి ఎటు పెట్టినా ఒకటే. ప్రాసెసర్ బ్లాకులకి మాత్రం ఇన్ అని రాసిన రంధ్రంలోకే ఇవ్వండి, వాటిలో దాదాపు అన్నీ నడిమి చీలిక రకమే.

మెమరీ, పవర్ భాగాల సంగతి అడిగేవాళ్లుంటారు. నీళ్లు ముందు కోర్‌ని తాకి తర్వాత వాటి మీదుగా పోయినా, ముందు వాటిని తాకి తర్వాత కోర్‌కి వచ్చినా తేడా డిగ్రీలో కొంత భాగమే. లెక్క వేసి చూడండి. కిలో నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి 4.18 కిలోజౌల్స్ కావాలి. నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే 400 వాట్ల వేడి మొత్తం కలిసినా నీళ్లు పెరిగేది 1.4 డిగ్రీలు. 2 లీటర్లయితే 2.9. ఒక్క లీటరే పారితే 5.7. అందుకే ప్రాసెసర్ ముందా కార్డు ముందా అనే వాదన, మధ్యలో ఒక రేడియేటర్ పెట్టాలా అనే వాదన, గంటకి 120 లీటర్లు దాటిన లూప్‌లో పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఏ దారిలో పైపులు పొట్టిగా, మెలికలు లేకుండా వస్తాయో ఆ వరస పెట్టుకోండి. వరసలో తప్పనిసరి నియమం ఒక్కటే: రిజర్వాయర్ పంపుకి ముందు, దానికన్నా ఎత్తులో ఉండాలి. మీది కలిపి ఉన్న రకం కాబట్టి ఆ బాధ లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువమంది పొరబడే చోటు, టెర్మినల్. కార్డు అంచున పైపులు బిగించే దిమ్మ అది. దానికి నాలుగు రంధ్రాలుంటాయి గానీ లోపల గదులు రెండే, ఒకటి ఎడమ, ఒకటి కుడి. ఎడమ పై రంధ్రం, ఎడమ కింది రంధ్రం ఒకే గదిలోకి తెరుచుకుంటాయి, కుడివీ అంతే. ఒక పైపు ఎడమ గదికి, ఇంకోటి కుడి గదికి వెళ్లాలి, మిగిలిన రెండిటికీ స్టాప్ ప్లగ్‌లు (మూసే బిరడాలు). పైపులు నిటారుగా అందంగా వస్తాయని ఎడమ పైన ఒకటి, ఎడమ కింద ఒకటి బిగిస్తే నీళ్లు దిమ్మలోంచే అటు నుంచి ఇటు దాటిపోతాయి, బ్లాక్‌లోకి దిగవు. చేనికి మడవ తియ్యకుండా కాలువలో నీళ్లు పారించినట్టే. ఫ్లో మీటర్ మాత్రం బ్రహ్మాండంగా చూపిస్తుంది, మామూలు కన్నా ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే అడ్డే లేదు. కార్డేమో లోడ్ పెట్టిన నిమిషం తిరక్కుండా 90 దాటి వేగం తగ్గించుకుంటుంది. మీది 74 దగ్గర నిలబడింది కాబట్టి ఇది కాదు, అయినా ఒకసారి కంటితో చూసుకోండి.

గుర్తులు లేని బ్లాక్‌లో ఇన్‌లెట్ పట్టడం ఎలా? పైమూత అక్రిలిక్ అయితే టార్చ్ వేసి చూస్తే చాలు. ఫిన్‌ల మీదున్న రేకు నడిమి చీలికని గుర్తుపట్టండి, ఆ చీలిక పైభాగానికి చేరే కాలువని వెనక్కి వెతుక్కుంటూ పొండి. అది ఏ గదిలో తేలితే అదే ఇన్‌లెట్. ఫిన్‌ల అంచుల నుంచి బయల్దేరే కాలువ అవుట్‌లెట్. నల్లటి అసెటాల్ ప్లాస్టిక్ మూత అయితే విప్పితే గానీ తెలియదు, లేదా కొలిచి తేల్చుకోవాలి. రంధ్రంలోకి నోటితో ఊది ఎటు సులువుగా పోతోందో చూడటం లాంటివి నమ్మకండి, రెండు వైపులా ఒకేలా పోతుంది.

కొలిచే పద్ధతి ఇది. ఫ్యాన్లు, పంపు ఆటోమేటిక్‌లో కాకుండా స్థిరమైన వేగంలో పెట్టండి. కార్డు పవర్ లిమిట్ కూడా ఒక అంకె దగ్గర కట్టేయండి. 30 నిమిషాలు ఒకే లోడ్ నడిపితే నీళ్ల ఉష్ణోగ్రత నిలకడ పడుతుంది. అప్పుడు కోర్‌లోంచి నీళ్ల అంకె తీసేసి రాసుకోండి. పైపులు మార్చి, గాలి పూర్తిగా పోయాక, అదే లోడ్‌తో మళ్లీ చూడండి. గది ఉష్ణోగ్రతతో పోల్చకండి. మన దగ్గర ఏప్రిల్‌లో పొద్దుటికీ మధ్యాహ్నానికీ గదే ఆరేడు డిగ్రీలు మారిపోతుంది, ఆ ఆటుపోట్లలో రెండు డిగ్రీల తేడా కనబడదు. తేడా ఒక డిగ్రీ లోపే ఉంటే పైపులు ఎలా అందంగా వస్తే అలా వదిలేయండి.

ఇక మీ 31 డిగ్రీల సంగతి. సెకండ్ హ్యాండ్ బ్లాక్ అన్నారు కాబట్టి నా అనుమానం ఈ వరసలో నడుస్తుంది.

మొదటిది థర్మల్ ప్యాడ్‌ల మందం. మెమరీ, పవర్ భాగాల వేడిని బ్లాక్‌కి చేర్చడానికి మధ్యలో పెట్టే మెత్తటి ముక్కలవి. బ్లాక్ తయారీదారు ఏ చోట ఎంత మందం ప్యాడ్ పెట్టాలో లెక్కగట్టి చెబుతాడు. పాత ఓనరు కార్డుకి మొదట ఉన్న ఫ్యాన్ల కూలర్ ప్యాడ్‌లే తిరిగి వాడినా, 1 మిల్లీమీటరు ఉండాల్సిన చోట 1.5 పెట్టినా, బ్లాక్ మెమరీ చిప్‌ల మీద ఆనుకుని ఆగిపోతుంది, కోర్ మీద పూర్తిగా కూర్చోదు. అప్పుడు కోర్‌కీ బ్లాక్‌కీ మధ్య వేడిని దాటించడానికి రాసే థర్మల్ పేస్టు మందంగా మిగిలిపోతుంది. కోర్ 74, హాట్‌స్పాట్ 98 లాంటి అంకెలు వచ్చేది సరిగ్గా ఇలాంటప్పుడే. విప్పగానే ఏదీ తుడవకుండా ముందు పేస్టు అచ్చు చూడండి. చిప్ మొత్తం మీద పల్చగా, కింద లోహం లీలగా కనబడేలా పరుచుకుని ఉంటే బాగా కూర్చున్నట్టు. ఒక మూల మందంగా, ఇంకో మూల పల్చగా ఉంటే ఏటవాలుగా బిగిసింది. మొత్తం మందంగా ఉంటే ప్యాడ్‌లు ఎత్తేస్తున్నాయి. 3090 చిప్ పెద్దది, 628 చదరపు మిల్లీమీటర్లు, కాస్త ఏటవాలు పడినా ఒక మూల ఎండిపోతుంది. బిగించేటప్పుడు కోర్ చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు ముందు, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ, ఒక్కోటీ అర చుట్టు చొప్పున తిప్పండి. మిగతావి ఆ తర్వాత.

రెండోది ఫిన్‌ల మధ్య చెత్త. పారదర్శకంగా ఉండే చవక పీవీసీ పైపుల్లోంచి ప్లాస్టిసైజర్ అనే పదార్థం మెల్లగా నీళ్లలోకి దిగి తెల్లటి జిగురులా ఫిన్‌లలో పేరుకుంటుంది. రంగు కూలెంట్లలో, ముఖ్యంగా పాలలా కనిపించే రకాల్లో, రంగు రేణువులు కూడా అక్కడే ఆగుతాయి. అక్రిలిక్ మూతలోంచి చూస్తే చీలిక పొడవునా ఒక గీతలా కనబడుతుంది. మూడోది, శుభ్రం చేయడానికి ఎవరో విప్పి జెట్ ప్లేట్ పెట్టడం మర్చిపోవడమో, తిరగేసి పెట్టడమో. రేకు లేకపోతే నీళ్లు ఫిన్‌ల లోపలికి దిగకుండా పైపైనే దాటిపోతాయి. ఇది బయటికి కనబడని తప్పు, చాలామంది పేస్టు మీద పేస్టు మార్చుకుంటూ ఉంటారు.

బ్లాక్ కడగడానికి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. అక్రిలిక్ మూతకి స్పిరిట్, శానిటైజర్, థిన్నర్ తగలనివ్వకండి, రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి బీటలు పడతాయి. ఇంట్లో రాగి బిందెకి చింతపండు రాస్తే మెరుస్తుంది కదా అని దీనికీ రాయకండి. ఉత్త రాగి అయితే నష్టం లేదు గానీ, తెల్లగా మెరిసే బ్లాకులకి ఉన్నది నికెల్ పూత, పులుపు దాన్ని తినేస్తుంది. మూత తిరిగి పెట్టేటప్పుడు ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు చుట్టు) గాడిలో చుట్టూ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. సాగిపోతే దాన్నే పట్టుకెళ్లి బేరింగుల షాపులో అడగండి, ఫిట్టింగుల చిన్న రింగులకైతే సైజు దొరికే అవకాశం ఎక్కువ. ఫిట్టింగులు చేత్తోనే బిగించాలి, స్పానర్ పెడితే అక్రిలిక్ పగులుతుంది.

కార్డు విప్పినప్పుడే వెనక వైపు కూడా చూడండి. 3090కి 24 మెమరీ చిప్‌లు, 12 ముందు, 12 వెనక. ముందువి బ్లాక్ చూసుకుంటుంది, వెనకవాటికి బ్యాక్‌ప్లేటే, అంటే కార్డు వెనక ఉండే పలకే, దిక్కు. ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ జంక్షన్ (మెమరీ చిప్‌ల లోపలి వేడి) అంకె చూడండి. ఆ రకం మెమరీ 110 దగ్గర వేగం తగ్గించేసుకుంటుంది. రెండరింగ్‌లో 95 దాటుతోందంటే వెనక ప్యాడ్‌లు మార్చి, బ్యాక్‌ప్లేట్ మీదికి ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ తిప్పి పెట్టండి. దీన్ని నీళ్ల దిశతో ముడిపెట్టి పైపులు మార్చుకుంటూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి.

తర్వాత రెండో 3090 పెట్టే ఆలోచన ఉందన్నారు. అక్కడ దిశకి నిజంగానే విలువ ఉంది. రెండు కార్డుల్ని కలిపే బ్రిడ్జ్ రెండు రకాలు. సిరీస్ బ్రిడ్జ్‌లో నీళ్లు మొదటి కార్డు ఎడమ గదిలో దిగి, కుడి గదిలో తేలి, అక్కడి నుంచి రెండో కార్డు కుడి గదిలోకే పోతాయి. అంటే రెండో కార్డుకి నీళ్లు ఎప్పుడూ తిరగబడే పారతాయి. రెండూ ఒకే మోడల్ బ్లాకులైనా ఒక కార్డు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించడానికి ఇది ఒక కారణం, మొదటి కార్డు వేడి కలిసి రావడం ఇంకో కారణం. ప్యారలల్ బ్రిడ్జ్‌లో రెండు కార్డులకీ ఎడమ గదులు ఒక గొట్టంలో, కుడి గదులు ఇంకో గొట్టంలో కలుస్తాయి, దిశ రెండిటికీ సరిగ్గా ఉంటుంది, పంపుకి అడ్డూ తక్కువ. ప్రవాహం మాత్రం చీలిపోతుంది. గంటకి 200 లీటర్లు వస్తుంటే ఒక్కో కార్డుకి 100, దాని మీద 350 వాట్లకి నీళ్లు 3 డిగ్రీలు పెరుగుతాయి. ఇబ్బంది లేదు. ప్యారలల్‌లో ఇన్ పైపు ఒక చివర, అవుట్ పైపు దానికి ఎదురు మూలన ఉంటే రెండు కార్డులకీ సమంగా పంచుతుంది. బ్లాకులు వేర్వేరు కంపెనీలవైతే ప్యారలల్ వద్దు. ఏది సులువుగా వదిలితే నీళ్లు అటే పోతాయి, రెండోది ఎండుతుంది. అలాంటప్పుడు సిరీసే మేలు.

రెండో కార్డంటే రేడియేటర్ కూడా పెరగాలి. ఓ మోస్తరు చప్పుడుతో నడవాలంటే వంద వాట్లకి ఒక 120 ఫ్యాన్ స్థలం లెక్క వేసుకోండి. ఇప్పుడు మీకున్నవి ఐదు, కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి సరిపోతున్నాయి. గది మీద నీళ్లు 9 డిగ్రీలే పెరిగాయంటే రేడియేటర్ల వైపు లోటు లేదు. ఇంకో 350 వాట్లు కలిస్తే కనీసం ఇంకో 360 కావాలి. ఆన్‌లైన్‌లో బాగా చవగ్గా దొరికే రేడియేటర్లు చాలావరకు అల్యూమినియంవి, కొనకండి. రాగి బ్లాక్, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం కరిగి తెల్లటి మడ్డి దిగుతుంది, ఆ మడ్డి మళ్లీ వచ్చి చేరేది మీ ఫిన్‌లలోనే. రాగి, ఇత్తడి అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి.

మన ఉత్తరాంధ్ర ఎండల గురించి ఒక మాట. ఎక్కడో చల్లటి దేశంలో చేసిన వీడియోల్లో నీళ్లు 32 దగ్గర ఉంటే మనకి మే నెలలో గది 37, నీళ్లు 47 అవుతాయి. డీ5 పంపుకి పైహద్దు 60 డిగ్రీలు, అంతవరకు పోనివ్వకూడదు. పీఈటీజీ అనే ప్లాస్టిక్ గట్టి పైపులు 50 దాటాక ఫిట్టింగుల దగ్గర మెల్లగా రూపు మారతాయి, ఓ-రింగ్ పట్టు జారుతుంది. గట్టి పైపే కావాలంటే అక్రిలిక్ వాడండి. అందం పక్కన పెడితే నల్లటి ఈపీడీఎం రబ్బరు పైపే మన వాతావరణానికి సరైనది, దాంట్లో ప్లాస్టిసైజర్ గోలా లేదు. మదర్‌బోర్డుకి నీళ్ల సెన్సర్ కలిపి, 50 దాటితే ఫ్యాన్లు పూర్తి వేగం, 55కి సిస్టం ఆగిపోయేలా పెట్టుకోండి. పంపు వేగం తెలిపే తీగని సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి ఇస్తే పంపు ఆగినప్పుడు బయాస్ హెచ్చరిస్తుంది. శ్రీకాకుళం, భావనపాడు వైపు తీరానికి దగ్గరున్నవాళ్లు గాలిలో తేమకి పైపుల మీద నీళ్లు పడతాయేమోనని భయపడుతుంటారు. లూప్‌లో నీళ్లు గది కంటే చల్లగా ఉండవు కాబట్టి తేమ పట్టదు. రిజర్వాయర్‌లో ఐసు వేయడం లాంటి ప్రయోగాలు చేస్తే మాత్రం తప్పకుండా పడుతుంది.

నీళ్ల విషయం. బోరు నీళ్లు వద్దు, కాచి చల్లార్చినవీ వద్దు, కాచితే లవణాలన్నీ పోవు. 20 లీటర్ల మినరల్ వాటర్ క్యానులోనూ లవణాలుంటాయి. బ్యాటరీ షాపుల్లో 5 లీటర్ల డబ్బాలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. యాసిడ్ డబ్బా కాదని లేబుల్ చూసి మరీ తీసుకోండి. ఉత్త డిస్టిల్డ్ వాటర్ కూడా నెలల తరబడి నడిపితే తుప్పు, పాచి తెస్తుంది కాబట్టి పీసీ కూలెంట్ కాన్సన్‌ట్రేట్‌ని సీసా మీద రాసిన పాళ్లలో కలపండి. మీ లూప్‌కి మొత్తం లీటరు, లీటరుంబావు పడుతుంది.

తిరిగి నింపేటప్పుడు మదర్‌బోర్డుకీ కార్డుకీ కరెంటు కేబుళ్లు తీసేసి, పవర్ సప్లైకి 24 పిన్నుల జంపర్ (మదర్‌బోర్డు లేకుండానే దాన్ని ఆన్ చేసే ప్లగ్) పెట్టి పంపు ఒక్కటే నడపండి. నీళ్లు పోసే ముందు గాలితో అర బార్ ఒత్తిడి పెట్టి అరగంట ముల్లు కదలకుండా ఉందో లేదో చూస్తే కార్డు తడిసే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. తర్వాత రిజర్వాయర్ నింపి, ఐదారు సెకన్లు పంపు నడిపి ఆపి, మళ్లీ నింపి, అలా దఫాలుగా పోయండి. పంపు ఒక్క క్షణం కూడా ఖాళీగా తిరగకూడదు, దాని బేరింగ్‌కి నీళ్లే నూనె. గాలి బుడగలు ఎక్కువగా దాక్కునేది కార్డు బ్లాక్‌లోనూ, కేసు పైభాగాన ఉన్న రేడియేటర్‌లోనూ. పంపు నడుస్తుండగా కేసుని ముందుకీ వెనక్కీ, పక్కకీ మెల్లగా వంచితే కదులుతాయి. వీలుంటే ఇన్‌లెట్ కింది రంధ్రానికి, అవుట్‌లెట్ పై రంధ్రానికి ఇవ్వండి, బుడగలు ఎలాగూ పైకే పోతాయి కాబట్టి బ్లాక్ తొందరగా నిండుతుంది. ఇన్‌లెట్ గది ఏదో తేలాక దాని పక్కన కార్డు మీదే చిన్న స్టిక్కర్ అంటించండి. రెండో కార్డు వచ్చి బ్రిడ్జ్ పెట్టేనాటికి అది ఎడమో కుడో గుర్తుండదు.